రాజ్యములు గతించును, దేవుని రాజ్యము నిలుచును
(నల్లగొండ, పాలమూరు సీమల చరిత్ర నేర్పు పాఠము)



దేవరకొండ, రాచకొండ దుర్గములను చూచినవారికి దానియేలు గ్రంథము రెండవ అధ్యాయమును వేరుగా వివరింప నక్కరలేదు. ఒకప్పుడు రేచర్ల ప్రభువులు ఏలిన ఆ కోటగోడల నడుమ నేడు మేకలు మేయుచున్నవి. వారి తరువాత బహమనీలు, గోల్కొండ కుతుబ్ షాహీలు వచ్చిరి. 1687లో గోల్కొండ మొగలుల వశమయ్యెను. 1724 నుండి 1948 వరకు అసఫ్ జాహీలు ఏలిరి. బంగారము, వెండి, ఇత్తడి, ఇనుము, మట్టి. నెబుకద్నెజరు కలలో చూచిన ఆ ప్రతిమ మన రాతిగుట్టల నడుమ కూడ నిలిచి కూలినది.

పాలమూరునకు 1890లో ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ పేరు మీదుగా మహబూబ్‌నగర్ అని పేరు పెట్టిరి. ఆ రాజు 1911లో గతించెను, ఆయన వంశపు ఏలుబడియు ముగిసెను. పేరు మాత్రము మిగిలినది. అదే 1890లో అబ్రహాము ఫ్రీసన్ దొరగారును ఆయన భార్య మరియమ్మగారును అమెరికన్ బాప్టిస్టు మిషను తరపున నల్లగొండలో పని ప్రారంభించిరి. వారు రష్యా సామ్రాజ్యములోని మెన్నొనైటు బ్రదరన్ సంఘమునకు చెందినవారు. 1889లో స్వదేశము విడిచి మన దేశమునకు వచ్చిరి.

ఆ 1889వ సంవత్సరమును గూర్చి ఒక సంగతి మనము తెలిసికొనవలెను. అదే రష్యా దేశపు మెన్నొనైటులలో క్లాస్ ఎప్ అను బోధకుడు ఉండెను. ప్రకటన గ్రంథమును తన లెక్క ప్రకారము చదివి, శ్రమకాలములో సంఘమునకు ఆశ్రయము తూర్పుదిక్కుననే దొరకునని ఆయన బోధించెను. 1880 మొదలుకొని అనేక కుటుంబములు బండ్లు కట్టుకొని ఎడారులు దాటి మధ్య ఆసియాకు పోయిరి. త్రోవలో కొందరు పిల్లలను పాతిపెట్టిరి. 1889 మార్చి 8న ప్రభువు వచ్చునని ఎప్ తేదీ చెప్పెను. ఆ దినము వచ్చెను, గడచెను. తరువాత ఆయన ఆ తేదీని 1891కి మార్చెను. అదియు గడచెను.

వారిని చూచి నవ్వకుడి. వారు ప్రభువును ప్రేమించినవారే, బలవంతపు సైనిక సేవకు లొంగనివారే. అయితే ఆ గడియ తండ్రికి మాత్రమే తెలియునని ప్రభువు చెప్పిన మాటను వారు మరచిరి. అదే దేశమునుండి, అదే సంవత్సరమున బయలుదేరిన ఫ్రీసన్ దంపతులు తేదీ కొరకు కనిపెట్టలేదు. నల్లగొండ మెట్టభూములలో విత్తుటకు వచ్చిరి. ప్రభువు రాకడను ఎదురుచూచుటలో ఈ రెండు మార్గములను మన చరిత్రయే మన ముందు పెట్టుచున్నది.

1914లో మొదలైన మహాయుద్ధము, 1917 విప్లవము రష్యా చక్రవర్తిని కూలద్రోసినవి. అక్కడి సంఘముల నుండి మన సీమకు వచ్చుచుండిన సహాయము ఆగిపోయినది. పంపిన సామ్రాజ్యము పడిపోయెను గాని, నాటిన సంఘము పడిపోలేదు.

1937లో అమెరికాలోని టైమ్ పత్రిక ఏడవ నిజామును ప్రపంచములోకెల్ల ధనవంతుడని ముఖచిత్రముతో ప్రకటించెను. ఆ కాలమున మన పల్లెలలో మాల మాదిగ కుటుంబములు దొరల గడీల ముందు కూలి లేకుండ వెట్టిచాకిరి చేయుచుండెను. నాలుగవ అధ్యాయములో దానియేలు రాజునకు ఇచ్చిన సలహా యేమి? నీతిని అనుసరించి, బాధపడువారియందు కరుణ చూపుమనియే గదా! ఆ సలహా మన దేశపు గడీలలో వినబడలేదు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య కాల్చబడెను, నల్లగొండ జిల్లా రగిలెను. 1948 సెప్టెంబరు 17న నిజాము సైన్యము లొంగిపోయెను. 1949లో జాగీర్దారీ రద్దయ్యెను. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో దళితులు భూమి అడుగగా, వెదిరె రామచంద్రారెడ్డిగారు వినోబా భావేగారి ఎదుట నూరు ఎకరములు ఇచ్చిరి.

అయినను ఒక మాట దాచరాదు. రజాకార్ల హింస ముగిసిన తరువాత అనేకమంది నిరపరాధులైన ముస్లిములు చంపబడిరి. పండిత్ సుందర్‌లాల్ కమిటీ ఆ సంగతిని విచారించెను. శత్రువు పడినప్పుడు సంతోషింపకుమని వాక్యము హెచ్చరించుచున్నది. ఒక రాజ్యము పడుట దేవుని న్యాయమైనను, పడగొట్టిన చేతులన్నియు పరిశుద్ధములని అర్థము కాదు. కొత్త ప్రభుత్వమును దేవుని రాజ్యమని పిలుచుటయు పొరపాటే. చేతి సహాయము లేక తీయబడిన రాయి క్రీస్తు రాజ్యము గాని, ఏ జెండాయు కాదు.

1956లో ఆంధ్రప్రదేశ్, 2014లో తెలంగాణ ఏర్పడెను. 2016లో మన జిల్లాలే విడగొట్టబడెను. సరిహద్దులు మారుచుండును. రాకడ ఏ తేదీన అని అడుగువారికంటె, కూలికై ఊరు విడిచి వలసపోయిన పాలమూరు సహోదరుని ఇంటిలో ముసలితల్లి అన్నము తిన్నదా అని అడుగువారు ఆ రాకడకు బాగుగా సిద్ధపడినవారు.

ఈ శతవార్షిక దినమున మన గుళ్లను, బళ్లను చూచి, మనమే కట్టితిమని బబులోను రాజువలె చెప్పకుందుము గాక. నిత్యము ఏలువాడు ఒక్కడే. ఆయనకే మహిమ కలుగును గాక. ఆమేన్.