జయపుర సమ్రాడ్యంత్రము, దాని ఛాయ

కట్టడములగు ఛాయాయంత్రములలో జయపురమునందలి సమ్రాడ్యంత్రము ప్రపంచమున అత్యున్నతమని ప్రసిద్ధి. దీని యెత్తు సుమారు 27 మీటర్లు. ఇంత యెత్తుగా కట్టుటవలన కలిగిన ప్రయోజన మెంతయో విచారింపవలసియున్నది.

సవాయి జయసింహుడు (1688–1743) 1727లో జయపురమును స్థాపించెను. అచ్చటి వేధశాల 1734 ప్రాంతమున సిద్ధమయ్యెను. ఇత్తడి యంత్రములు చిన్నవగుటచేతను, ఇరుసు లరిగి కేంద్రములు చలించుటచేతను వేధ తప్పుచున్నదని యాతడు తలంచెను. కావున చలింపని మహాయంత్రములను ఱాతితోను సున్నముతోను కట్టించెను. యూక్లిడు రేఖాగణితమును అరబ్బీనుండి సంస్కృతమునకు తెచ్చిన జగన్నాథపండితు డాతని ఆస్థానమువాడే.

యంత్రరచన సుబోధము. నడుమ దక్షిణోత్తరముగా నొక త్రిభుజాకారపు గోడ. దాని వాలుటంచు 27 అంశల కోణముతో ధ్రువాభిముఖమై భూమియక్షమునకు సమాంతరముగా నుండును. ఇరుప్రక్కల వృత్తపాదములు. ఉదయమున నీడ పడమటి పాదముపై నుండి దిగును. మధ్యాహ్నము దాటిన పిదప తూర్పు పాదముపై కెక్కును. ఈ పాదముల వ్యాసార్ధము సుమారు 15 మీటర్లగుటచే నీడ నిమిషమునకు ఆఱు సెంటీమీటర్లకు పైగా కదలును. చూచువారికి కాలము నడచుచున్నట్లే తోచును. పాదములపై రెండు సెకండ్ల కొలతవఱకు విభాగములు గీయబడినవి.

అయినను, గీతలు గీసినంతమాత్రమున సూక్ష్మత సిద్ధింపదు. సూర్యుడు బిందువు కాడు, సుమారు 32 కలల బింబము. అందుచే నీడ యంచు స్పష్టముగా తెగక అర్ధచ్ఛాయగా మసకబాఱును. ఈ యంత్రమున ఆ మసక సుమారు 14 సెంటీమీటర్ల వెడల్పు, అనగా రెండు నిమిషములకు పైగా. మన లెక్కలో అయిదు విఘడియలకు మించును. యంత్రము పెరిగినకొలది గీతల యెడము పెరుగును, మసకయు నంతే పెరుగును. కావున పరిమాణమే సూక్ష్మతకు కారణమని పొగడుట శాస్త్రీయము కాదు. అర్ధచ్ఛాయలో సన్నని దారమును పట్టి దాని నీడను చూచు నేర్పరికే సెకండ్ల లెక్క దక్కును.

వేధశాలకు లోకమున నున్న జంతర్‌మంతర్ అను పేరులో మొదటిది యంత్రశబ్దభవము. పదాదియకారము జకారమగుట ప్రాకృతమున సామాన్యమే. కాని రేఫ నిలిచియుండుటచే నిది శుద్ధప్రాకృతరూపము కాక అర్ధతత్సమమని తలంపవలెను.

చేతిగడియారముతో పోల్చి యంత్రము తప్పినదనువారు కలరు. తప్పినది యంత్రము కాదు, పోలిక. 1906లో ఏర్పడిన భారతప్రామాణికకాలము 82 అంశల 30 కలల రేఖాంశమునకు చెందినది. జయపురము 75 అంశల 49 కలల యొద్ద నున్నది. దీనివలననే సుమారు 27 నిమిషముల భేదము. భుజాంతర, ఉదయాంతర సంస్కారములుకూడ చేరగా యంత్రము నవంబరు మొదట సుమారు 10 నిమిషములు, ఫిబ్రవరి నడుమ సుమారు 41 నిమిషములు వెనుకబడినట్లు కనబడును.

స్థానభేదము నెఱుగమి రోమునగరమునకు పూర్వమే హాని చేసెను. క్రీ.పూ. 263లో సిసిలీలోని కతానానుండి కొల్లగొని తెచ్చిన ఛాయాయంత్రమును రోమునందు బహిరంగస్థలమున నిలిపిరి. అక్షాంశభేదము నాలు గంశలకు పైగా నుండుటచే గీతలు కాలముతో సరిపడకపోయెను. 99 సంవత్సరములు నగరవాసులు దానినే నమ్మిరని ప్లినీ వ్రాసెను. తెలుగునాట అన్నవరము సత్యనారాయణస్వామి యాలయమునొద్దను ఛాయాయంత్రము కలదు. ఆ స్థలాక్షము సుమారు 17 అంశలు. జయపురపు గోడవాలు నచ్చట యథాతథముగా నిలిపినచో పది యంశలు తప్పును.