బార్కస్

హైదరాబాద్ పాతబస్తీకి దక్షిణాన, చాంద్రాయణగుట్ట దాటాక వచ్చే పేట బార్కస్. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చి నిజాం కొలువులో చేరిన అరబ్బు సిపాయిల వారసులు ఇక్కడ ఎక్కువ. దక్కనులో వీరిని చావుష్‌లంటారు. సిపాయిల బ్యారక్సే జనం నోట బార్కస్ అయ్యాయి.

హద్రమౌత్ ఎండిన లోయల సీమ. కరవులు, తెగల పోరాటాలు అక్కడి మగవారిని సముద్రం దాటించాయి. కొందరు జావాకు, కొందరు తూర్పు ఆఫ్రికాకు పోగా, ఆయుధం పట్టగలవారు చాలామంది హైదరాబాద్ చేరారు. 19వ శతాబ్దం తొలి సగంలో, నిజాం పేష్కారు చందూలాల్ పెత్తనం సాగిన రోజుల్లో, అరబ్బు జమాదార్లు సర్కారుకే అప్పులిచ్చేవారు. బాకీ కింద తాలూకాల శిస్తు వారి చేతికి వచ్చేది. 1853లో దివాన్ అయిన మొదటి సాలార్‌జంగ్ ఆ పట్టును క్రమంగా సడలించాడు.

ఈ జమాదార్లలో ఉమర్ బిన్ అవద్ అల్ ఖుఐతీ వంశం సాధించింది అసాధారణం. హైదరాబాద్‌లో గడించిన సొమ్ముతో వారు సొంతగడ్డపై రాజ్యమే స్థాపించారు. 1867లో షిహ్ర్, 1881లో ముకల్లా రేవులు వారి వశమయ్యాయి. సుల్తానులయ్యాక కూడా వారు నిజాం దర్బారుతో బంధం తెంచుకోలేదు. దక్కను శిస్తు డబ్బు అరేబియా తీరాన ఒక సింహాసనాన్ని నిలబెట్టిందన్న సంగతి మన చరిత్ర పుస్తకాల్లో ఇంకా తగినంత చోటు దక్కించుకోలేదు. ఆ సుల్తనత్ 1967 దాకా నిలిచింది.

1948 సెప్టెంబరు పోలీసు చర్యతో నిజాం అరబ్బు దళాలు రద్దయ్యాయి. విదేశాల్లో పుట్టినవారిలో చాలామందిని నిర్బంధించి, తర్వాత ఓడల్లో పంపేశారు. ఇక్కడే పుట్టినవారు మిగిలారు, కాని కొలువులు పోయాయి. 1970ల తర్వాత గల్ఫ్ ఉద్యోగాలు ఈ ఇళ్లను మళ్లీ నిలబెట్టాయి.

బార్కస్‌ను కేవలం అరబ్బు పేట అనడం సగం నిజమే. వచ్చినవారు దాదాపు అందరూ మగవారు. పెళ్లాడింది ఇక్కడి స్త్రీలను. అందుకే ఇంటి భాష దక్కనీ ఉర్దూ అయింది. తండ్రుల వైపు నుంచి పేర్లలో ‘బిన్’, లుంగీ కట్టు, ఇస్లాం ధర్మశాస్త్రంలోని షాఫీ ఆచారం మిగిలాయి. నగర ముస్లింలలో ఎక్కువమంది మాత్రం హనఫీ ఆచారం వారు. షాఫీ పద్ధతిలో అసర్ నమాజు వేళ హనఫీల కంటే ముందే మొదలవుతుంది. పెళ్లి బారాత్‌లో మోగే మర్ఫా వాద్యాన్ని నగరంలోని ఏసీ గార్డ్స్ పేటకు చెందిన ఆఫ్రికా సంతతి సిద్దీలు, చావుష్‌లు కలిసే నిలబెట్టారు.

గోధుమ, మాంసం మెత్తగా ఉడికించే హరీస్ ఈ వీధుల్లో ఉదయపు తిండి. 2010లో భౌగోళిక గుర్తింపు పొందిన హైదరాబాదీ హలీమ్‌కు మూలం ఇదే. ఒకే పళ్లెం చుట్టూ కూర్చుని తినే మండీ కోసం ఇప్పుడు నగరం నలుమూలల నుంచీ జనం వస్తున్నారు. ఇక్కడి జామపండ్లకూ పాత పేరుంది.

ఈ అరబ్బు మూలం తిండిలోనే కాదు, చట్టంలోనూ లెక్కకు వచ్చింది: 2007లో ముస్లింలలోని వెనుకబడిన వర్గాలకు బీసీ-ఇ కింద రిజర్వేషన్ ఇచ్చిన చట్టం, సయ్యద్‌లు, పఠాన్‌లతో పాటు అరబ్బులనూ మినహాయించింది.