దారి భేషుగ్గా ఉంది

సాయంత్రం కావస్తోంది. ఫ్రాన్సు దక్షిణపు అంచున, పిరనీస్ కొండల నడుమ ఉన్న సెంత్ మారీ ద కంపాన్ అనే చిన్న ఊళ్లో ఓ పూటకూళ్లింటి ముందు అద్దె కారు ఆగింది. దిగిన పెద్దమనిషి పారిస్ విలేకరి. కడుపునిండా తిని, టూర్మలే కనుమ దాటి అవతల ఉన్న బరేజ్ ఊరికి పోవాలి, దారెలా ఉంది అని అడిగాడు. యజమానికి నవ్వాలో జాలిపడాలో తెలియలేదు. జూలై నెలలోనే అటు పోవడం గగనం, ఇప్పుడెక్కడి ప్రయాణమయ్యా అన్నాడు.

ఆ విలేకరి పేరు అల్ఫోన్స్ స్టైనెస్. సంవత్సరం 1910. అది జనవరి అని కొందరు రాస్తారు, వేసవి దగ్గరపడ్డాకే అని ఇంకొందరు రాస్తారు. మంచు విషయంలో మాత్రం ఎవరికీ పేచీ లేదు. ఆ రాత్రి కొండ మీద జరిగినదానికి మొదటినుంచి చివరిదాకా ఉన్న సాక్షి స్టైనెస్ ఒక్కడే. పైగా ఆయన కథ రక్తి కట్టించడం వృత్తిగా ఉన్నవాడు. ఈ రెండు సంగతులూ మనసులో పెట్టుకుని చదవండి.

ఆయన పనిచేసే 'లోటో' పారిస్‌లో పసుపుపచ్చ కాగితం మీద అచ్చయ్యే క్రీడా పత్రిక. అమ్మకాలు పెంచుకోవడానికి 1903లో ఆ పత్రికే టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ పందెం మొదలుపెట్టింది. పందెం పెట్టేదీ వాళ్లే, దారి గీసేదీ వాళ్లే, మర్నాడు దాని గురించి రాసేదీ వాళ్లే. వచ్చే ఏడు పందెం ఏ ఊళ్ల మీదుగా పోతుంది, ఎవరికి కలిసొస్తుంది అన్న ఊహాగానాలు కూడా ఆ పత్రికకు సరుకే. సంపాదకుడు ఆన్రీ దెగ్రాంజ్ ఈ వ్యాపారంలో ఆరితేరినవాడు. కానీ 1909 పందెం ఆయనకో చిక్కు తెచ్చిపెట్టింది. లక్సెంబర్గ్ మూలాలున్న ఆజానుబాహువు ఫ్రాన్స్వా ఫాబేర్ వరసగా ఐదు మజిలీలు గెలిచేశాడు. తొంభై కిలోల మనిషి, చదును నేల మీద తొక్కుతుంటే వెనకున్నవాళ్లకు వీపు తప్ప ఏమీ కనిపించలేదు. గెలిచేదెవరో ముందే తెలిసిపోతే మర్నాటి పత్రిక ఎవడు కొంటాడు?

పందెపు దారులు గీసే పని స్టైనెస్‌ది. పటం మీద ఆయన వేలు దేశం దక్షిణపు అంచుకు పోయింది. పెర్పిన్యాన్ నుంచి లూషాన్, లూషాన్ నుంచి బయోన్. మధ్యలో పేర్సూర్ద్, ఆస్పాన్, టూర్మలే, ఒబిస్క్ కనుమలు. దెగ్రాంజ్ కొట్టిపారేశాడు. 1905లో బలోన్ దల్జాస్ కొండ ఎక్కించడానికే ఆయన ఎంతో తటపటాయించాడు. అక్కడ దారి ఎక్కే ఎత్తు 1200 మీటర్లకు లోపే. టూర్మలే 2115 మీటర్లు. మన తూర్పు కనుమల్లో అన్నిటికన్నా ఎత్తయిన జిందగడ శిఖరం కూడా 1700 మీటర్లకు అటూఇటూనే ఉంటుంది. దాని నెత్తిన ఇంకో నాలుగు వందల మీటర్లు పేర్చి, పైదాకా సైకిల్ తొక్కమన్నట్టు.

స్టైనెస్ పట్టు వదల్లేదు. చివరికి దెగ్రాంజ్ సరేనన్నాడు గానీ, ఏదన్నా తేడా వస్తే పూచీ నీదేనన్నాడు. పై అధికారి ఒప్పుకోవడంలో ఇదొక పద్ధతి, అన్ని ఆఫీసుల్లోనూ చెల్లుతుంది. పో పట్టణంలోని రోడ్ల ఇంజనీరు దగ్గరికి వెళ్లి ఒబిస్క్ మాటెత్తితే, ఆయన పారిస్‌లో పిచ్చి ముదిరిందన్నాడట. దారి బాగుచేయడానికి డబ్బెవరిస్తారన్న బేరం నడిచింది. 5000 ఫ్రాంకుల దగ్గర మొదలై, పత్రిక అంతకన్నా తక్కువకే ఒప్పించుకుంది. ఇక మిగిలింది టూర్మలే.

పూటకూళ్లింటి నుంచి కారు బయలుదేరింది. సెంత్ మారీ నుంచి కనుమ దాకా 17 కిలోమీటర్లు. ఆ కాస్త దూరంలో 1268 మీటర్లు పైకెక్కాలి. ఇంకో నాలుగు కిలోమీటర్లుందనగా చక్రాలు మంచులో కూరుకుపోయాయి. చీకటి పడుతోంది. డ్రైవరు ఇక కదలనన్నాడు. మంచు పడితే స్పెయిన్ వైపు నుంచి ఎలుగుబంట్లు ఇటు దిగుతాయని కూడా చెప్పి, బండి వెనక్కి తిప్పుకున్నాడు. స్టైనెస్ దిగి నడక సాగించాడు. ఒంటి మీద పట్నపు దుస్తులు, కాళ్లకు పట్నపు బూట్లు.

కొంతదూరం పోయాక ఏవో అలికిళ్లు. ఎలుగుబంట్లే అనుకున్నాడు. తీరా చూస్తే గొర్రెలు, వాటిని కాసే ఓ కుర్రాడు. బాబ్బాబు, దారి చూపించమని బతిమాలి, చేతిలో బంగారు నాణెం పెట్టాడు. అవతలికి చేరిస్తే ఇంకోటి ఇస్తానన్నాడు. కుర్రాడు కొంతదూరం వచ్చి వెనక్కి మళ్లాడు. నా దృష్టిలో ఈ కథ మొత్తంలో బుద్ధి ఉన్నవాడు వాడొక్కడే.

ఆ తర్వాత ఒంటరి నడక. ఒక రాయి మీద కూలబడి, తెల్లారేదాకా ఇక్కడే ఉందామా అనుకున్నాడు. కూర్చుంటే గడ్డకట్టి పోతానని మళ్లీ లేచాడు. కాలికింద దారి ఉందో లేదో తెలియదు. జారి వాగులో పడ్డాడు. చలినీళ్లలోంచి పాక్కుంటూ పైకొచ్చి, మళ్లీ మంచులో కూలాడు. ఊగుతూ తూలుతూ దిగుతుంటే చీకట్లోంచి ఒక గొంతు, ఎవరది, చెప్పకపోతే కాల్చేస్తా అంది. టూర్మలే దాటి వస్తున్న బాటసారినని చెప్పేసరికి ఆ గొంతు మెత్తబడింది. మీరేనా స్టైనెస్ గారూ, మీ కోసమే వెతుకుతున్నాం అంది. సెంత్ మారీ నుంచి అప్పటికే ఫోన్ వచ్చిందట. బరేజ్ ఊరంతా మేలుకుని ఉంది. టైము తెల్లవారుజామున మూడు కావస్తోంది. పత్రిక స్థానిక విలేకరి ఆయనకు వేణ్నీళ్ల స్నానం చేయించి పొడిబట్టలు ఇచ్చాడు.

పారిస్‌కు టెలిగ్రాం వెళ్లింది. టూర్మలే దాటాను, దారి భేషుగ్గా ఉంది, నిక్షేపంగా వెళ్లొచ్చు, ఇట్లు స్టైనెస్.

సైకిల్ పందేల చరిత్రలో ఇంత లాభం తెచ్చిన అబద్ధం ఇంకోటి ఉండదు. తమాషా ఏమిటంటే, దారి భేషుగ్గా ఉందని రాసినవాడికి ఆ రాత్రి దారి కనిపించనే లేదు. కనిపించింది దాని మీది మంచు. జూలైకి మంచు కరుగుతుంది, మిగతాది దేవుడు చూసుకుంటాడు అన్నది ఆయన లెక్క.

'లోటో'లో కొత్త దారి అచ్చయింది. ఇక గుసగుసలకు కొదవ ఏముంది? ఇది మామూలు మనుషుల పని కాదని, ఎలుగుబంట్లు పీక్కుతింటాయని కొందరు. పేరిచ్చినవాళ్లలో కొందరు చల్లగా తప్పుకున్నారు. అసలు లెక్కలు వేసినవాళ్లు మాత్రం ఎలుగుబంట్లను పట్టించుకోలేదు. కొండ ఎక్కేటప్పుడు తొంభై కిలోల ఫాబేర్ ఏమవుతాడు, బక్కపలచని కుర్రాళ్లు ఏం చేస్తారు అన్నదే వాళ్ల గోల. అప్పట్లో విజేతను నిర్ణయించింది గంటలూ నిమిషాలూ కాదు, పాయింట్లు. మజిలీలో మొదటివాడికి ఒకటి, రెండోవాడికి రెండు, అలా. చివరికి తక్కువ ఉన్నవాడు గెలిచినట్టు. అంటే కొండమీద గంట వెనకబడినా, చదునులో నాలుగు స్థానాలు రాబట్టుకుంటే సర్దుకోవచ్చు. ఫాబేర్‌కు ఆశ పోలేదు.

ఈ ఊహాగానాల అలవాటు ఇప్పటికీ పోలేదు. ఏటా అక్టోబరులో పారిస్‌లో వచ్చే ఏడాది దారిని అట్టహాసంగా ప్రకటిస్తారు. అప్పటిదాకా అభిమానులు గూఢచారుల్లా తిరుగుతుంటారు. ఫలానా కొండ ఊళ్లో జూలైలో హోటల్ గదులన్నీ ఎవరో బుక్ చేశారట, ఫలానా మేయరు స్థానిక పత్రికతో నోరు జారాడట, ఎవరూ పోని కొండదారికి కొత్త తారు పడుతోందట. వీటన్నిటి వెనకా ఉన్న ప్రశ్న 1910 నాటిదే. ఈ దారి ఎవణ్ని గెలిపించడానికి గీశారు?

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి, ఈ కథ చెప్పేవాళ్లు తరచూ దాటేసేది. టూర్మలే ఎవరూ ఎరగని అడవేమీ కాదు. ఆ కొండల్లోని వేడినీటి బుగ్గల ఊళ్లను కలుపుతూ మూడో నెపోలియన్ కాలంలోనే దారి వేశారు. సైకిళ్లకూ అది కొత్త కాదు. 1902లో టూరింగ్ క్లబ్ ద ఫ్రాన్స్ సైకిళ్ల పరీక్ష పెట్టి, ఆ కనుమనే ఎక్కించింది. మార్త్ ఎస్ అనే మహిళ మూడు గేర్ల సైకిల్ మీద, ఎక్కడా దిగి నడవకుండా పూర్తిచేసింది. దానికి దెగ్రాంజ్ పత్రికలో స్పందించిన తీరు ఇది: గేర్లు నలభై అయిదేళ్లు దాటినవాళ్లకు, కండబలంతో గెలవడమే గెలుపు. తన పందెంలో గేరు మార్చే సాధనాన్ని రానివ్వలేదు. కొండను కొండగా కాక హింసగా మార్చింది ఎత్తు కాదు, ఈ పట్టుదల. కొండ ఎక్కించడానికి జంకిన మనిషే, గేర్లు ఇవ్వడానికి మాత్రం ససేమిరా అన్నాడు. పందెగాళ్ల గుండె గురించి బెంగ, మోకాళ్ల గురించి లేదన్నమాట.

1910 జూలై 21. లూషాన్‌లో తెల్లవారుజాము మూడున్నర. ఎదురుగా 326 కిలోమీటర్లు. చిత్రమేమిటంటే, అంత హడావిడి చేసిన దెగ్రాంజ్ అక్కడ లేడు. పందెం బాధ్యత సహచరుడు విక్టర్ బ్రేయేకు అప్పగించి తప్పుకున్నాడు. వెనకబడి చేతులెత్తేసినవాళ్లను ఎక్కించుకుపోవడానికి ఆ ఏడే ఒక బండిని కూడా పెట్టారు. చెత్త ఊడ్చినట్టు ఊడ్చుకుపోతుంది గనుక దానికి చీపురు బండి అని పేరు. దారి భేషుగ్గా ఉందన్న టెలిగ్రాం మీద నిర్వాహకులకే ఎంత నమ్మకమో దాన్నిబట్టి తెలుస్తుంది.

టూర్మలే పైకి మొదట చేరింది ఒక్తావ్ లాపీజ్, 22 ఏళ్ల ఉంగరాల జుట్టు కుర్రాడు. సగం దారి సైకిల్ మీద, సగం దారి సైకిల్‌ను తోసుకుంటూ. అతని వెనకే గుస్తావ్ గరిగూ ఒక్కసారి కూడా కాలు నేల మోపకుండా ఎక్కేసి, 100 ఫ్రాంకుల బహుమతి పట్టేశాడు. రాళ్లు, గాడిదలు నడిచిన బాటలు, కరిగిన మంచు చేసిన బురద. టైరు పగిలితే ఎవరి టైరు వాళ్లే విప్పి అతికించుకోవాలి.

బ్రేయే, స్టైనెస్ కలిసి ముందుగానే ఒబిస్క్ మీదికి పోయి నిలబడ్డారు. రావలసిన సమయం దాటింది, ఎవరూ రారు. స్టైనెస్ గుండెల్లో రాయి పడి ఉంటుంది. పూచీ నీదేనన్న మాట గుర్తు రాకుండా ఎలా ఉంటుంది? చివరికి ఒక రూపం కనిపించింది. పెద్ద జట్ల మనిషి కాదు, అంతగా పేరులేని ఫ్రాన్స్వా లాఫుర్కాద్. మిగతావాళ్లేరని అడిగితే పలకలేదు. తలైనా తిప్పకుండా వెళ్లిపోయాడు. పావుగంట తర్వాత లాపీజ్. కళ్లు లోపలికి పోయాయి. సైకిల్‌ను ఈడ్చుకుంటూ వస్తున్నాడు. ఇద్దరినీ చూసి హంతకులారా అని అరిచాడు, ఇక మానేస్తానన్నాడు.

ఇంకా సగానికి పైగా దారి మిగిలే ఉంది. మానేస్తానన్నవాడు మానలేదు. కొండ దిగి, లాఫుర్కాద్‌ను పట్టుకుని, బయోన్‌లో మొదట గీత దాటాడు. 14 గంటల 10 నిమిషాలు పట్టింది. పందెం ముగిసేసరికి లాపీజ్‌కు 63 పాయింట్లు, ఫాబేర్‌కు 67. ఇద్దరిదీ ఆల్సియోన్ జట్టే. పటం మీద గీసిన ఒక్క గీత నాలుగు పాయింట్లతో లెక్క తేల్చింది. ఎలుగుబంటి ఒక్కటీ కనిపించలేదు.

మరుసటి ఏడు దెగ్రాంజ్‌కు భయం తీరిపోయింది. ఆల్ప్స్‌లోని గలిబియే కనుమను దారిలోకి తెచ్చాడు. దాని ముందు టూర్మలే లాంటివి చప్పటి నీళ్లంటూ పొగిడి రాశాడు. టూర్మలే పైన ఇప్పుడు సైకిల్ తొక్కుతూ నోరు తెరిచిన మనిషి నిలువెత్తు విగ్రహం ఉంది, లాపీజ్‌ను తలచుకుంటూ పెట్టింది. ఆ లాపీజ్ ఆరుసార్లు ఈ పందెంలో దిగి ఒక్కసారే, ఆ 1910లోనే, చివరిదాకా పోయాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో యుద్ధవిమానం నడుపుతూ 1917 జూలై 14న కూలిపోయాడు. ఫాబేర్ అంతకు రెండేళ్ల ముందే యుద్ధంలో పోయాడు. దెగ్రాంజ్ 1936లో పందెం బాధ్యతల నుంచి తప్పుకున్నాడు. గేరు మార్చే సాధనాన్ని టూర్‌లో అందరికీ అనుమతించింది 1937లో.