సినిమాలూ షికార్లూ

"చదువుకునే పిల్లవి, నీకీ సినిమాలూ షికార్లూ ఏమిటే?" అన్న మాట చెవిన పడకుండా పెరిగిన ఆడపిల్ల తెలుగునాట ఉంటుందంటే నేను నమ్మను. ఆ సినిమా కాస్తా ఏ మూణ్ణెల్లకో ఒకటి. అదీ అమ్మా, మేనత్తా, పక్కింటి పిన్నిగారూ వెంట ఉండగా. షికారంటే సాయంత్రంపూట స్నేహితురాలితో కలిసి కాలవగట్టు దాకా వెళ్లి, దీపాలు పెట్టేవేళకి ఇల్లు చేరడం. అయినా తిట్టు మాత్రం ఎప్పుడూ బహువచనంలోనే! ఒక్క సినిమాకీ ఒక్క షికారుకీ సరిపడా తిట్టి ఊరుకున్నవాళ్లని నేను చూడలేదు.

ఈ జంటలో సినిమా ఎక్కణ్ణించి వచ్చిందో అందరికీ తెలుసు. రెండోది, ఆ షికారు, ఎక్కడిదో ఎప్పుడైనా ఆలోచించారా? ఇస్త్రీచీర కట్టుకుని, మల్లెపూలు పెట్టుకుని, చల్లగాలికి బయల్దేరినట్టుండే ఈ మాట పూర్వాశ్రమంలో చేతికి నెత్తురంటిన మాట. ఫారసీలో షికారంటే వేట. పులినో, జింకనో, అడవిగాడిదనో తరిమి చంపడం. హిందీలో, ఉర్దూలో ఇప్పటికీ అదే అర్థం. వేటకీ ఆ మాటే, వేటలో చచ్చిన జంతువుకీ ఆ మాటే. ఫలానావారు మోసానికి షికారయ్యారని హిందీ వార్తల్లో వింటే, పాపం సరదాగా తిరిగిరావడానికి వెళ్లారు కాబోలని మనం సంతోషపడకూడదు. బలైపోయారని అర్థం.

మన దగ్గర కూడా షికారీ అంటే వేటగాడే. కాని షికారుకి వెళ్లేవాడు మాత్రం షికారీ కాడు. ఇదీ చిత్రం!

పైనించి వచ్చిన మాటలకి మన నాలిక మీద ఇలాంటి దశ పట్టడం కొత్తేమీ కాదు లెండి. కచేరీ అంటే అధికారి కూర్చుని అర్జీలు వినే చోటు. మనం అక్కడ తంబురా శ్రుతి చేయించి పాటకచేరీ చేసేశాం. తమాషా అన్న మాట పుట్టినప్పుడు దానర్థం నలుగురూ కలిసి నడవడం, అంటే అసలుసిసలు షికారు. అది నడిచి నడిచి చివరికి వినోదమై కూర్చుంది. వేట అన్నది నడకయింది, నడక అన్నది వేడుకయింది.

అసలు వేటలోనే కొంత వేడుక మొదటినించీ ఉంది. ఇరాన్‌లో కెర్మన్‌షా దగ్గర తాఖె బోస్తాన్ అని ఒక కొండచరియ ఉంది. సాసాన్ వంశపు రాజుల కాలంలో అక్కడ రాతిలో ఒక వేట చెక్కారు. చిత్తడినేలలో అడవిపందులు మందలుమందలుగా పరుగెడుతుంటే మధ్యలో పడవ మీద రాజుగారు విల్లెక్కుపెట్టి ఉంటాడు. చుట్టూ ఉన్న పడవల్లో ఆడవాళ్లు కూర్చుని వీణల్లాంటి వాద్యాలు వాయిస్తూ ఉంటారు. ఒక పక్క ప్రాణాలు పోతూ ఉంటాయి, మరోపక్క పాట సాగుతూ ఉంటుంది. 

ఆ వాయించే ఆడవాళ్ల మనసులో ఏముండేదో రాతిలో చెక్కలేదు. కథలో మాత్రం చెప్పారు. ఫిరదౌసి 1010 ప్రాంతంలో ముగించిన షానామాలో బహ్రామ్ గోర్ అనే రాజు కథ ఉంది. యువరాజుగా ఉన్నప్పుడు అతను ఒంటెనెక్కి, వెనక ఆజాదా అనే వాద్యకత్తెను కూర్చోబెట్టుకుని వేటకి వెళ్తాడు. జింకల జంట కనిపిస్తుంది. ఏది కొట్టమంటావని అడుగుతాడు. మొగవాళ్లు జింకలతో యుద్ధం చేస్తారా అని ఆ పిల్ల వేళాకోళం చేసి, అంత గొప్పవాడివైతే మగజింకను ఆడదాన్నిగా, ఆడజింకను మగదాన్నిగా మార్చమంటుంది. అతను బాణంతో మగజింక కొమ్ములెగరగొట్టి, ఆడజింక తలలో రెండు బాణాలు కొమ్ముల్లా దిగేస్తాడు. అడిగిందంతా చేసి చూపిస్తాడు. తీరా నెత్తుర్లో తన్నుకుంటున్న జింకని చూసేసరికి ఆజాదా గుండె కరిగిపోతుంది. ఇది మనిషి చేసే పని కాదు పొమ్మంటుంది. అంతే, ఆమెను కిందికి తోసి ఒంటెతో తొక్కిస్తాడు. వాయించడానికి తీసుకొచ్చిన పిల్ల నోరు విప్పింది, అదీ నేరం.

దాదాపు రెండువందల ఏళ్ల తరవాత, 1197లో, నిజామీ అనే మహాకవి ఈ కథనే మళ్లీ చెప్పాడు. ఆయనకా ముగింపు నచ్చినట్టు లేదు. ఆయన కథలో పిల్ల పేరు ఫిత్నా. రాజుగారి గురిని మెచ్చుకోకుండా, "అభ్యాసం ఉంటే ఎవరైనా చేస్తారు" అనేసి ఊరుకుంటుంది. చంపెయ్యమని రాజు ఒక అధికారికి అప్పగిస్తాడు. ఆమె అతణ్ణి ఒప్పించి ప్రాణం దక్కించుకుని, అతని మేడలో దాక్కుంటుంది. అప్పుడే పుట్టిన ఒక దూడని భుజాన వేసుకుని రోజూ అరవై మెట్లు ఎక్కడం మొదలుపెడుతుంది. దూడ పెరుగుతూ ఉంటుంది, ఈమె బలమూ పెరుగుతూ ఉంటుంది. ఏళ్లు గడిచాక విందుకొచ్చిన రాజు, ఒక ఆడమనిషి ఎద్దుని మోసుకుంటూ మెట్లెక్కడం చూసి, "ఇది బలం కాదు, అభ్యాసం" అంటాడు. "మరి నేనెద్దుని మోస్తే అభ్యాసమూ, తమరు అడవిగాడిదని కొడితే ప్రతాపమూనా?" అని ఆమె అడుగుతుంది. రాజు సిగ్గుపడి క్షమాపణ చెప్పి పెళ్లాడతాడు. ఆ పెళ్లి సంగతి ఎలా ఉన్నా, నాకు మాత్రం ఆ అరవై మెట్లంటే చాలా ఇష్టం.

మన దేశంలో మొగలాయీల దగ్గరికొచ్చేసరికి తుపాకీ ఆడవాళ్ల చేతికే వచ్చింది. 1617లో నూర్జహాన్ ఏనుగు మీద అంబారీలో కూర్చుని ఆరు గుళ్లతో నాలుగు పులుల్ని కొట్టిందని జహంగీరే తన ఆత్మకథలో మురిసిపోతూ రాసుకున్నాడు. లక్ష రూపాయల కంకణాల జత బహూకరించి, మీద వెయ్యి అష్రఫీలు చల్లించాడట. రెండేళ్ల తరవాత మధుర ప్రాంతపు జనం పులి బాధ పడలేకపోతున్నామని మొరపెట్టుకున్నారు. అప్పటికి జహంగీరు తన చేత్తో ఏ ప్రాణినీ చంపనని మొక్కుకుని ఉన్నాడు. ఆ పని నూర్జహానే చేసింది, ఒక్క గుండుతో. పరదా చాటున ఉండాల్సిన రాణీగారు అంబారీ ఎక్కి పులిని కొడితే అది ప్రతాపం. మనం రిక్షా ఎక్కి బీచికెళ్తే...! సరే, అది తరవాత చూద్దాం.

ఈ మాట మన తెలుగులోకి గోలకొండ, హైదరాబాదుల ద్వారా దర్బారు, జమీందారులాంటి బంధువర్గంతో కలిసి వచ్చింది. ఆరో నిజాము మహబూబ్ అలీఖాన్ పులివేటలో దిట్ట. ఆయన ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా దీన్‌దయాళ్ ఆ వేటల ఫొటోలు ఎన్నో తీశాడు. (ఘోషా స్త్రీలకోసం 1892లో హైదరాబాదులో ఆడవాళ్ల ఫొటోస్టూడియో ప్రత్యేకంగా తెరిచి, దాన్ని ఒక ఇంగ్లీషు దొరసానికి అప్పగించినవాడు కూడా ఈయనే.) 1902లో వైస్రాయి కర్జన్ మన వరంగల్ దగ్గరి నెక్కొండకి వేటకొచ్చినప్పటి ఫొటో బాగా పేరుపడింది. దొరా, దొరసానీ నిలబడి ఉంటారు. వాళ్ల కాళ్ల దగ్గర చచ్చిన పులి.

ఫొటోలో కనిపించనివాళ్లే ఎక్కువమంది. పెద్దవాళ్ల వేటలో పులిని వెతుక్కుంటూ దొరగారు వెళ్లరు. పులే ఆయన దగ్గరికి రావాలి. అడవికి ఒక పక్కన చుట్టుపక్కల ఊళ్లవాళ్లని వరసగా నిలబెట్టి, డప్పులు కొట్టిస్తూ, కేకలు వేయిస్తూ ముందుకి నడిపిస్తారు. ఆ రొదకి బెదిరిన మృగం రెండో పక్కకి పరుగెడుతుంది. అక్కడ మంచె మీదో, ఏనుగు మీదో తుపాకీ సిద్ధంగా ఉంటుంది. ఈ కేకల సంగతి కాస్త గుర్తుంచుకోండి, మళ్లీ పని పడుతుంది.

ఇక డేరాలు వేసేవాళ్లు, వంటవాళ్లు, గుమాస్తాలు, పాటగాళ్లు, గుర్రపువాళ్లు. తుపాకీ పేల్చేది నలుగురైతే షికారుకి వెళ్లొచ్చేది వందలమంది. వీళ్లకి షికారంటే ఏమిటి? ఊరు దాటి వెళ్లడం, డేరాల్లో భోజనం, పాటలు, చల్లగాలి, తిరిగి రావడం. చంపడం ఆ నలుగురిదీ, తిరగడం అందరిదీ. అందరిదీ అయిన అర్థమే తెలుగులో మిగిలింది. గుర్రబ్బండి షికారయింది, పడవ షికారయింది, కొత్తదంపతుల చేత సాయంత్రాలు షికారు చేయించే బావమరుదులు పుట్టుకొచ్చారు.

ఇంగ్లీషువాళ్లది మరో తోవ. వాళ్ల భాషలో ఆటకీ, వేటాడే జంతువుకీ 'గేమ్' అన్నది ఒకటే మాట. వేటగాణ్ణి వాళ్లు 'స్పోర్ట్స్‌మన్' అనేవారు. ఆ రెండర్థాలూ ఒకే మనిషిలో చూడాలంటే మన విజ్జీ ఉన్నాడు. విజయనగరం మహారాజకుమారుడు విజయానంద గజపతిరాజు 1936లో భారత క్రికెట్ జట్టుకి కెప్టెనై ఇంగ్లండు వెళ్లాడు. మూడు టెస్టులు ఆడి మొత్తం 33 పరుగులు చేశాడు. పులుల్ని మాత్రం మూడువందల పైచిలుకు కొట్టానని చెప్పుకునేవాడు. ఈ రెండు అంకెలూ తారుమారై ఉంటే దేశానికీ పులులకీ కూడా బాగుండేది!

తెలుగులో వేటకి ఈ సరదా అంటలేదు. సముద్రం మీదికి చేపలకి వెళ్లేవాళ్లు వేటకే వెళ్తారు. ఏటా వేసవిలో చేపలు గుడ్లు పెట్టే రోజుల్లో ప్రభుత్వం పెట్టేది వేటనిషేధం. అమ్మవారికి కోసే మేక వేట, తెలంగాణలో యాట. ప్రాణమూ పొట్టా ముడిపడ్డచోట మనవాళ్లు పాతమాట వదల్లేదు. తుఫానులో చిక్కుకున్న పడవవాణ్ణి షికారుకి వెళ్లాడని ఎవరైనా అంటే గంగమ్మతల్లి కూడా క్షమించదు.

1972లో వన్యప్రాణి చట్టం వచ్చింది, రాజుల షికారు ముగిసింది. హైదరాబాదులో వనస్థలిపురం దగ్గర నిజాములు వేటాడిన అడవిని 1975లో కృష్ణజింకలకోసం హరిణ వనస్థలి చేశారు. మహావీరుడి 2500వ నిర్వాణోత్సవాల సందర్భంగా ఆయన పేరే పెట్టారు. వేటభూమికి అహింసామూర్తి పేరు! అక్కడికిప్పుడు పిల్లల్ని వెంటబెట్టుకుని పులిహోరడబ్బాలతో షికారుకి వెళ్తాం. మాట నడిచిన దారినే నేల కూడా నడిచింది. నల్లమలలో నిజాము వేటకి మకాం వేసిన ఫరహాబాద్‌లో ఇప్పుడు జీపెక్కించి అడవి చూపిస్తారు, దాన్ని సఫారీ అంటారు. సఫారీ అంటే స్వాహిలీ భాషలో ఉత్త ప్రయాణం. తెల్లవాళ్లు దానికి తుపాకీ తగిలించి వేటని చేశారు. మనం మళ్లీ తుపాకీ తీసేసి, మధ్యలో కొన్నాళ్లు మావారివంటివాళ్ల చేత సూటుగా కుట్టించి తొడిగించాం కూడా.

ఇంత శాంతించిన ఈ షికారు ఆడపిల్ల దగ్గరికొచ్చేసరికి మళ్లీ ఎందుకు కరుకవుతుంది? అబ్బాయి చొక్కా తొడుక్కుని బయల్దేరితే "ఏం నాయనా, షికారుకా?" అని అరుగు మీది తాతగారు నవ్వుతూ అడుగుతారు. అది కుశలప్రశ్న. అదే మాట అమ్మాయిని అడిగితే సంజాయిషీ. ఏ పనీ లేకుండా, ఎవరికోసమూ కాకుండా, ఊరికే గాలికోసం నడిచే హక్కు మనకి కూరలసంచీ చేతిలో ఉంటే తప్ప రాలేదు. గుడికనో, టైలరు దగ్గరికనో, లైబ్రరీకనో ఏదో ఒక పేరు పెట్టుకుని వెళ్లాలి. ఇప్పుడు తెల్లవారుజామున పార్కుల్లో చూడండి, ఎంతమంది ఆడవాళ్లు నడుస్తున్నారో! అడిగితే డాక్టరు నడవమన్నాడంటారు. షుగరు పుణ్యమా అని షికారు దొరికింది.

పత్రికలవాళ్ల వాడుకమాట ఒకటుంది. 'పుకార్లు షికార్లు చేస్తున్నాయి' అని. ప్రాస కుదిరింది కదా అని రాసేస్తారు, మనమూ చదివేస్తాం. కాని పుకారు కూడా ఆ దిక్కునించి వచ్చిందే. పుకార్ అంటే హిందీలో, ఉర్దూలో కేక. గొంతెత్తి పిలవడం. ఇందాక గుర్తుంచుకోమన్నానే, అడవిలో డప్పులతో, కేకలతో మృగాన్ని తుపాకీ దాకా తరిమేవాళ్లు! ఒకరికి తెలియకుండా ఒకరు పక్కపక్కనే పెట్టిన ఈ రెండు మాటలూ కలిసి పాతవేటని పూర్తిగా మళ్లీ నిలబెట్టేశాయి. ఈ అరుగు మీంచి ఒక కేక, ఆ పంపు దగ్గరినించి ఇంకో కేక, పెళ్లిపందిట్లో ఇంకోటి, ఇప్పుడైతే సెల్‌ఫోన్లోంచి ఇంకోటి. ఎవరూ చంపరు, ఎవరి చేతిలోనూ తుపాకీ ఉండదు. "నేనేమన్నానమ్మా, విన్నదే అన్నాను" అంటారు. పరుగెత్తేది మాత్రం ఒక్క పిల్ల. ఆ గొడవలో ఆగిపోయిన చదువులూ, హడావిడిగా ముడిపెట్టేసిన సంబంధాలూ మనలో ఎవరం చూడలేదు చెప్పండి?

ఆ పిల్ల కాలవగట్టుకి వెళ్లడం ఎప్పుడో మానేసి ఉంటుంది. పుకారుకి మాత్రం ఎవర్నీ అడగక్కర్లేదు, తోడక్కర్లేదు, దీపాలు పెట్టేవేళకి ఇంటికి రావాలన్న నియమం అంతకన్నా లేదు.