తెలిసియా, తెలియకయా?

జేమ్స్ అబట్ అను ఆంగ్ల సైనికాధికారి పేర 1853లో వెలసిన పట్టణము అబ్బొట్టాబాదు. కొండల నడుమ నున్న ఆ చల్లని యూరు నాటినుండి నేటివరకు సైనికుల నెలవే. దానికి చేరువను, కాకుల్ అను చోట, పాకిస్తాన్ సైనిక విద్యాలయము కలదు. 2011 మే 2వ తేదీన, అర్ధరాత్రి దాటిన పిమ్మట, అఫ్ఘనిస్తానములోని జలాలాబాదునుండి వచ్చిన అమెరికా హెలికాప్టర్లు అచటి బిలాల్ టౌన్ పేటలో ఎత్తైన ప్రహరీ గల యొక యింటిమీదికి చేరెను. సుమారు 40 నిమిషములలో అమెరికా సైనికులు ఒసామా బిన్ లాడెన్‌ను చంపి, కూలిన తమ హెలికాప్టరు నొకదానిని పేల్చివేసి, శవముతో వెనుదిరిగిరి. ఆ హెలికాప్టరు తోకభాగము మాత్రము గోడకడ మిగిలి, తెల్లవారినంతనే ఊరివారి కన్నులబడెను.

ఆనాడు పుట్టిన ప్రశ్న యొకటి నేటికిని తీరలేదు. పాకిస్తాన్ ప్రభుత్వమునకు ఈ సంగతి ముందుగా తెలియునా? ఇది చూచుటకు ఒక ప్రశ్నవలె నున్నను, ఇందు రెండు ప్రశ్నలు పెనవైచుకొని యున్నవి. బిన్ లాడెన్ ఆ యింట నున్నాడని పాలకులలో ఎవరికైనను తెలియునా అనునది మొదటిది. అమెరికావారు వచ్చుచున్నారని తెలియునా అనునది రెండవది. ఈ రెంటిని వేరుచేయక వాదించువారు ఒకదాని సాక్ష్యమును రెండవదానికి అతికించి పొరబడుచున్నారు.

తెలియదను పక్షమున బలమైన మాటలు కలవు. ముందుగా చెప్పినచో ఆ సంగతి బిన్ లాడెన్‌కు అందునేమోయని శంకించియే పాకిస్తానుకు తెలుపలేదని, అమెరికా గూఢచార సంస్థకు నాడు అధిపతియైన లియాన్ పనెట్టా దాడి జరిగిన కొలది దినములలోనే చెప్పెను. ఇది ఉమ్మడి చర్య కాదని అధ్యక్షుడు జర్దారీ అమెరికా పత్రికలో వ్రాసెను. పాకిస్తాన్ గూఢచార సంస్థ అధిపతి షుజా పాషా పార్లమెంటు రహస్య సమావేశమున నిలిచి, వలసినచో పదవి విడుతునని పలికెను. న్యాయమూర్తి జావేద్ ఇక్బాల్ అధ్యక్షతన ఏర్పడిన విచారణ సంఘము రెండు వందలకు మించిన సాక్షులను విచారించి, పాలనాయంత్రము అడుగడుగున విఫలమైనదని తీర్మానించెను.

తెలియునను పక్షమును తీసివేయదగినది కాదు. అమెరికా పాత్రికేయుడు సేమూర్ హెర్ష్ 2015లో ఒక దీర్ఘవ్యాసము ప్రకటించెను. సేనాధిపతి కయానీకిని, పాషాకును అన్నియు తెలియుననియు, బిన్ లాడెన్ వారి బందీగనే యుండెననియు, అతడు కొండలలో విమానదాడికి మడిసెనని తరువాత చాటుటకు ఒప్పందము కుదిరియుండగా, హెలికాప్టరు కూలుటచే ఆ యేర్పాటు చెడెననియు దాని సారాంశము. అమెరికా ప్రభుత్వము దీనిని ఖండించెను. ఆ వ్యాసమునకు ఆధారములు చాలవరకు పేరు చెప్పని వ్యక్తుల మాటలే గాని, పత్రములు కావు. అయినను లక్షలమంది దానిని నమ్మిరి. ఎందులకు నమ్మిరన్నది ఆలోచింపదగిన విషయము.

1960 మే 1న రష్యా నేలపై కూల్చబడిన అమెరికా గూఢచారి విమానము పెషావరునుండియే లేచినది. తరువాత, 21వ శతాబ్దపు తొలి సంవత్సరములలో, బెలూచిస్తానములోని షమ్సీ విమానాశ్రయమును అమెరికా చోదకరహిత విమానములు వాడుకొనెను. ప్రభుత్వము ఆ విమానముల దాడులను బహిరంగముగా నిరసించుచు, లోలోపల సమ్మతించుచు వచ్చినది. కొన్ని దాడులకు తాము అనుమతి యిచ్చితిమని మాజీ అధ్యక్షుడు ముషారఫ్ 2013లో తానే యొప్పుకొనెను. ఒకనితో సంధియు, వేరొకనితో వైరమును ఏకకాలమున నడుపుటను కౌటిల్యుడు ద్వైధీభావమనెను. పాకిస్తాన్ పాలకులు ఇంకొక అడుగు వేసిరి. వారు మిత్రునితో ఒక మాటయు, తమ ప్రజలతో వేరొక మాటయు పలికిరి. నాన్నా పులి కథలోని బాలునివలె, నిజముగా తెలియని దినమున తెలియదని చెప్పినను నమ్మువారు లేకపోయిరి.

నా మట్టుకు, దాడిని గూర్చి ముందుగా తెలియదనుటయే సంభావ్యముగా తోచుచున్నది. ఏ సైన్యమును తన విద్యాలయపు ముంగిట తనకే తలవంపులు కోరుకొనదు. ఇక బిన్ లాడెన్ ఉనికిని గూర్చి, ఏ చిన్న అధికారికిని తెలియదని ప్రమాణము చేయుట కష్టము. అయితే పై యధికారులకు తెలియునని ఋజువు చేయు పత్రమేదియు ఇంతవరకు వెలికి రాలేదు. ప్రభుత్వము చిక్కు నిక్కడనే కలదు. తెలియునన్నచో ద్రోహము, తెలియదన్నచో అసమర్థత. దొంగకు తేలు కుట్టినట్లు, గట్టిగా ఏడ్చుటకును వీలు లేకపోయెను.

ఈ దాపరికపు మూల్యమును చెల్లించినవారు పాలకులు కారు. బిన్ లాడెన్ జాడ తీయుటకు అమెరికావారు ఒక స్థానిక వైద్యునిచేత టీకాల కార్యక్రమమును నడిపించిరి. ఆ సంగతి పొక్కినపిదప టీకాలపై అంతకుముందే యున్న అపనమ్మకము ముదిరెను. 2012 డిసెంబరులో కరాచీ, పెషావరులలో పిల్లలకు పోలియో చుక్కలు వేయబోయిన స్త్రీలు తుపాకులకు బలియైరి. టీకాల కార్యక్రమములను గూఢచర్యమునకు ఇక వాడమని 2014లో అమెరికా ప్రభుత్వము మాట యిచ్చెను. పోయిన ప్రాణములకు ఆ మాట ఆలస్యమే.

విచారణ సంఘపు నివేదిక సంగతియు నిట్టిదే. 2013 జూలైలో ఒక విదేశీ వార్తాసంస్థ దానిని బయటపెట్టెనే కాని, ఏ ప్రజల పేర విచారణ జరిగెనో ఆ ప్రజల చేతికి ప్రభుత్వము దానిని తానై అందింపలేదు. తెలిసియా, తెలియకయా అను ప్రశ్నకు చరిత్రకారుడు ఎన్నడైన నొకనాడు పత్రములు చూచి సమాధానము చెప్పవచ్చును. కాని తన నేలపై ఏమి జరుగుచున్నదో అడుగు హక్కు పౌరునికి గలదా అను ప్రశ్న పత్రములకొరకు వేచియుండదు. దానికి బదులు చెప్పవలసినవారు పాలకులే.