మొదటి తలుపు

ఈ కథ ఎలా ముగిసిందో మా వైపు అందరికీ తెలుసు. 2017 నవంబరు 29, బుధవారం. తమిళనాడులోని కృష్ణగిరి జలాశయం నిండుకుండలా ఉంది. దాని ఎనిమిది తలుపుల్లో మొదటిది విరిగింది. ఏళ్ళ తరబడి ఎదురుచూసిన నీళ్ళు ఏటి దారి పట్టి వెళ్ళిపోయాయి. ఊళ్ళకు ఊళ్ళు కొట్టుకుపోలేదు కాబట్టి దీన్ని విషాదమంటే కొందరు ఒప్పుకోరు. మా మేనమామ ముఖం చూసి ఉంటే ఒప్పుకునేవాళ్ళు.

దక్షిణ పినాకిని మాకు హోసూరులోనే పరిచయం. నంది కొండల్లో అక్కచెల్లెళ్ళలా పుట్టిన రెండు పినాకినుల్లో ఒకటి పెన్నగా నెల్లూరు సీమను తడిపి సముద్రంలో కలిసింది. రెండోది ఇటు తిరిగి మా పాలిట పడింది. తమిళంలో తెన్‌పెన్నై. బెంగళూరు మురుగు మోసుకొచ్చి కెలవరపల్లి ఆనకట్ట దగ్గర తెల్లటి నురగ కక్కుతుంది. ఆ నురగను చూసి ముక్కు మూసుకున్నవాళ్ళలో నేనూ ఉన్నాను. అయినా కృష్ణగిరి దాకా నడిచేసరికి అదే నీరు వరి పొలాలకు తల్లిపాలవుతుంది. జలాశయం కింద తొమ్మిది వేల ఎకరాలకు పైగా ఆయకట్టు. అందులో మామది ఎకరంన్నర.

కామరాజు ముఖ్యమంత్రిగా ఉన్న 1950ల నాటి కట్టడం అది. నీళ్ళు నిలిచే ఎత్తు 52 అడుగులు. అందులో 32 అడుగుల దాకా గోడ ఆపుతుంది. ఆపైన నిలబడ్డవన్నీ ఇనుప తలుపులే. జలాశయం పళ్ళెంలా పైకి పోయేకొద్దీ విప్పారుతుంది గనక పై ఇరవై అడుగుల్లోనే అసలు సంపదంతా. ఆ సంపదకు కాపలా ఎనిమిది రేకులు, వాటి అంచున రబ్బరు పట్టీలు.

కదిలే ఇనుముకూ నిలిచిన నీటికీ ఎప్పుడూ పూర్తిగా పొసగదు. పాత పడవల్లో ఇంజను ఇరుసు అడుగును తొలుచుకుని బయటి పంకా దాకా పోతుంది. ఆ సందులో గ్రీజు పట్టించిన నార తాళ్ళు చుట్టి బిగిస్తారు. మరీ బిగిస్తే ఇరుసు వేడెక్కి అరుగుతుంది, వదులు చేస్తే సముద్రం లోపలికి వస్తుంది. అందుకని ఇరుసు తిరిగేటప్పుడు నిమిషానికి కొన్ని చుక్కలు కారనిస్తారు. ఆ చుక్కలను లెక్కపెట్టడమే పడవవాడి నాడీ వైద్యం. చుక్క ధారగా మారిన రోజున పడవను ఒడ్డుకు లాగక తప్పదు.

ఆనకట్ట తలుపుదీ, అంటే షట్టరుదీ, అదే బతుకు. పక్కల రబ్బరు అరిగిన చోట సన్నగా ఊట. మా వైపు తెలుగులో ‘ఊర్తా ఉండాది’ అంటాం, అది నేరమేమీ కాదన్నట్టు, ఊరడమే దాని ధర్మమన్నట్టు. కానీ ఊరే చోట ఇనుము రాత్రీ పగలూ తడిగా ఉంటుంది, గాలీ తగులుతుంది. నీళ్ళలో పూర్తిగా మునిగిన ఇనుము కన్నా తడీ గాలీ కలిసిన చోటే తుప్పుకు ఆకలెక్కువ. రంగు పొక్కుతుంది, రేకు పలచబడుతుంది. అరవై ఏళ్ళు ఆ పని చప్పుడు లేకుండా సాగింది.

పడవనైతే ఒడ్డుకు లాగొచ్చు. ఆనకట్టను ఎక్కడికి లాగుతాం? నీళ్ళే దాన్ని వదిలి పోవాలి. ఆ అదృష్టం, ఎంత చేదైనా అదృష్టమే, మనకు దొరకకపోలేదు. 2016లో ఈశాన్య రుతుపవనాలు మోసం చేశాయి. 2017 జనవరిలో తమిళనాడు జిల్లాలన్నింటినీ కరువు జిల్లాలుగా ప్రకటించారు. ఆకాశం కేసి చూడడానికే ఎవరికీ కళ్ళు చాలని ఏడాది అది. ఆ ఎండల్లో తలుపును దించి, రేకు మీద సుత్తితో తట్టి, పలచబడ్డ చోటు కనిపెట్టి, కొత్తది ఎత్తి ఉంటే! ఆ వేసవి ఒక్కటే కాదు, అలాంటి వేసవులు ఎన్నో వచ్చి నిలబడి, పిలిచి, వెళ్ళిపోయాయి. ఎవరినీ తప్పుపట్టడానికి రాయడం లేదు. నీళ్ళు లేనప్పుడు తలుపు గుర్తుకురాదు, నీళ్ళున్నప్పుడు తలుపు ముట్టుకోలేం.

ఆ ఏడు చివర వానలు కురిశాయి. నీటిమట్టం అడుగడుగునా ఎక్కింది. మామ రోజూ ఫోన్ చేసి అంకె చెప్పేవాడు, మనవడికి వచ్చిన మార్కులు చెప్పినట్టు. ఆ సంతోషంలో పడి నేను ఒక చిన్న లెక్క వేసుకోలేదు. ఇరవై అడుగుల నీరు నిలిస్తే తలుపు పాదం దగ్గర ప్రతి చదరపు మీటరు మీదా ఆరు టన్నుల బరువు. మామ చెప్పే ప్రతి అడుగూ ఆ రేకు గుండె మీదే పడుతోంది.

విరిగాక ఏటి పొడవునా, కడలూరు దాకా, అయిదు జిల్లాలకు హెచ్చరికలు వెళ్ళాయి. అదే రోజుల్లో ఓఖీ తుఫాను కన్యాకుమారిని చిదిమేసింది. రాష్ట్రం కన్నీరంతా అటే పోయింది, పోవాల్సిందే.

నన్ను ఇప్పటికీ కలచేది తలుపు విరగడం కాదు, ఆ తర్వాతది. దాన్ని బాగుచేయాలంటే నీరు 32 అడుగులకు దిగాలి. దిగాలంటే మంచి తలుపులనూ ఎత్తాలి. ఒక్క తలుపు ఆపలేకపోయిన నీటిని, ఆపగలిగే తలుపులను కూడా మన చేతులతోనే తెరిచి సాగనంపాం. కింద సాత్తనూరు జలాశయం ఉంది కాబట్టి అంతా కడలి పాలయిందనడం న్యాయం కాదు. కానీ పక్కింటి కుండ నిండితే మన దాహం తీరదు.

2024 ఆగస్టులో తుంగభద్ర ఆనకట్ట 19వ గేటు గొలుసు తెగినప్పుడు గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడి బృందం పారే నీటిలోనే ఉక్కు పలకలు దించి వారంలోపు అడ్డుకట్ట వేసింది. టీవీలో అది చూస్తూ నేను చప్పట్లు కొట్టలేదు. నా మనసు ఏడేళ్ళు వెనక్కి, కృష్ణగిరి ఆనకట్ట గట్టు మీదికి పోయింది.

కృష్ణగిరిలో కొత్త షట్టరు పెట్టారు. తర్వాత మిగిలిన ఏడింటినీ మార్చారు. ఇప్పుడు చూస్తే నిగనిగలాడుతూ ఉంటాయి.

ఆ బుధవారం మామ ఇంట్లో నారుమడికి వడ్లు నానబోసి ఉన్నాయి. గోనెసంచిలో కట్టి, పైన రాయి పెట్టి, మూలన ఉంచారు. మిగిలిన నీళ్ళు కోత దాకా వస్తాయో రావో ఎవరూ చెప్పలేకపోయారు. నానిన వడ్లకు ఆగడం తెలియదు. శుక్రవారం పొద్దున సంచి విప్పితే తెల్లగా, ఒత్తుగా మొలకలు. మామ కాసేపు వాటిలో చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు. తర్వాత గంపకెత్తి ఆవుల ముందు పోశాడు.