గోడ దిగిన రేడియో

చౌడేపల్లెలో మా ఇంటి పడసాలలో దేవుడి పటాలకంటే ఎత్తున ఉండేది ఒక్క రేడియోనే. నాయన దానికోసం గోడకి 6 అడుగుల ఎత్తున చెక్క స్టాండు కొట్టించాడు. అమ్మ పూలగుడ్డ కుట్టి కప్పింది. ఏటేటా పోస్టాఫీసులో లైసెన్సు కట్టే వస్తువాయె, పిల్లల చెయ్యి అందకూడదు! ఎవరి చెవికి అందాలో మాత్రం ఎవరూ ఆలోచించలేదు.

మద్రాసు కేంద్రం 1938లో, విజయవాడ 1948లో మొదలయ్యాయి. 1963లో కడప కేంద్రం వచ్చాక మన సీమ మాట ఇంటికొచ్చినట్టయింది. వార్తల వేళకి నాయనా, ఆయన స్నేహితులూ కుర్చీల్లో. ఆడవాళ్ళం, పిల్లలం నేలమీద చాపలో. అవ్వ మాత్రం గడప దగ్గర ఒత్తులు చేసుకుంటూ అటు తిరిగి కూర్చునేది. "అవ్వకి రేడియో గిట్టదు" అని మేమే తేల్చేశాం.

ఒక ఉగాదికి గోడలకి సున్నం కొడుతూ రేడియోని దించి ముక్కాలిపీటమీద పెట్టారు. ఆ సాయంత్రం వార్తలు వస్తూంటే ఒత్తి చేసే చెయ్యి ఆగింది.

"ఇదేందే, ఈ పొద్దు తేటగా మాట్లాడతా ఉండాడు?" అంది అవ్వ.

అందరం నవ్వాం. అమ్మ నవ్వలేదు.

కారణం నాకు చాలా ఏళ్ళకి గానీ తెలియలేదు. కాగితపు గరాటు కదిలి పలికే స్పీకరుని 1925లో అమెరికాలో రైస్, కెల్లాగ్ అనే ఇంజనీర్లు ఒక దారికి తెచ్చారు. ఇప్పటికీ ఎక్కువగా నడిచేది ఆ పద్ధతే. అందులోంచి వచ్చే మృదంగంలాంటి బొంగురు శబ్దం ఇల్లంతా పరుచుకుంటుంది. సన్నని శబ్దాలు మాత్రం టార్చిలైటు వెలుగులా ముక్కుకి సూటిగా పోతాయి. స, శ, చ లాంటి అక్షరాల తేట వాటిలోనే ఉంది. ముదిరిన చెవి ముందుగా పోగొట్టుకునేదీ వాటినే! అవి అవ్వ తలమీదుగా పోయేవి. ఆమెకి మిగిలేది గొణుగుడు. సౌండు పెంచితే గొణుగుడే పెరిగేది.

నేలమీద కూర్చుంటే మన చెవి సుమారు 2½ అడుగుల ఎత్తున ఉంటుంది, కుర్చీలో 3½. స్పీకరు ముఖం అక్కడికే చూడాలి. ఎత్తున పెట్టక తప్పదంటే, జారిపడకుండా బిగించి కాస్త కిందికి వంచాలి. మూలకి నెట్టారో, బొంగురు ఇంకా పెరుగుతుంది. ఇంత చెప్పినా మా అమ్మాయి తన స్పీకర్లని బీరువా నెత్తిన పెట్టింది, చూడ్డానికి బాగుంటుందని!

సున్నం కొట్టిన మూడోనాడు నాయన రేడియోని మళ్ళీ పైకెక్కించబోయాడు.

"గోడ ఇంకా ఆర్లేదు" అంది అమ్మ.

ఆ గోడ మండువేసవంతా ఆరనేలేదు.